వంటింటి సింకు వేస్ట్ పైపు మార్పు: అనంతపురం బోరు నీళ్లతో వచ్చే చిక్కు

సింకు కింద నీళ్లు కారుతుంటే వేస్ట్ పైపు మార్చాల్సి వచ్చింది. పాత పైపు ఊడింది, కొత్తది ఎక్కింది. ట్రాప్ (పైపు నీళ్లు దిగే నేలలోని గుంట) దగ్గర పని కొంచెం మిగిలింది.

ముందు కొలతలు. వంటింటి సింకుకు 40 మి.మీ., అంటే అంగుళంన్నర పైపు. వాష్ బేసిన్‌కు 32 మి.మీ. షాపులో రెండూ పక్కపక్కనే వేలాడుతుంటాయి కాబట్టి పాత నట్టు చేతిలో పెట్టుకుని పోవడమే మేలు. పొడవు కప్లింగ్ (సింకు అడుగున పైపు తగిలించే ముక్క) నుంచి నేల ట్రాప్ దాకా తాడుతో కొలిచి, రెండు మూడు అంగుళాలు ఎక్కువ తీసుకుంటే చాలు. అంతకు మించితే పైపు మధ్యలో వేలాడి, ఆ వంపులోనే జిడ్డు పేరుకుంటుంది. ముడతల పైపుకు ఇదే పెద్ద శత్రువు. సంగటి గిన్నె కడిగిన పిండి, చెనిక్కాయ నూనె కలిసి పాత పైపు ప్రతి ముడతలో నల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

ఊడదీసేటప్పుడు కింద బకెట్ పెట్టి, ఒక చేత్తో కప్లింగ్ కదలకుండా పట్టుకోవాలి. నట్టుతో పాటు అదీ తిరిగితే సింకు అడుగున ఉన్న వాషరు కూడా కదిలి, రెండోచోట కారడం మొదలవుతుంది.

అసలు లీకు పైపుది కాదు. కప్లింగ్ అడుగు అంచు చుట్టూ బోరు నీళ్ల ఉప్పు తెల్లగా, గరుగ్గా పేరుకుంది. ఆ గరుకు మీద వాషరు సరిగా ఆనకపోవడంతో ఒకవైపు సందు మిగిలింది. ఇది తీయకుండా ఎన్ని కొత్త పైపులు వేసినా చుక్క ఆగదు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి, పాత టూత్‌బ్రష్‌తో కప్లింగ్ మర (నట్టు ఎక్కే చుట్ల గాడి) మీదా అంచు మీదా రుద్దితే ఊడొస్తుంది. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, స్టీలునూ పైపూతనూ తినేస్తుంది.

బిగింపులో నీళ్లను ఆపేది వాషరు, మర కాదు. అందుకే ఇక్కడ టెఫ్లాన్ టేపు చుట్టలేదు. టేపు మందమైతే ప్లాస్టిక్ నట్టు మధ్యలోనే పట్టేసి, వాషరు నొక్కుకోదు. నట్టులో వాషరు సమంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి. నట్టును మొదట వెనక్కి తిప్పితే ఒకచోట టక్కున దిగుతుంది, అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర అడ్డంగా ఎక్కదు. చేత్తో బిగిశాక ఇంకో పావు చుట్టు చాలు. పానా పెడితే నట్టు చీలుతుంది.

పరీక్షకు సింకు మూసి నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలాలి. కింద ఎండు న్యూస్‌పేపర్ పరిస్తే చిన్న చుక్క కూడా మచ్చగా కనిపిస్తుంది. ఇక్కడ కాగితం పొడిగానే ఉంది.

మిగిలింది ట్రాప్ మూతకూ పైపుకూ మధ్య సందు. బొద్దింకలు వచ్చే దారి అదే. రబ్బరు రింగు దిగేస్తే సరి, సిమెంటు పూస్తే తర్వాత ట్రాప్ తెరవలేం. వేడి గంజి ఒకటి రెండుసార్లు వార్చాక నట్టును మళ్లీ చేత్తో చూడాలి, వేడికి ప్లాస్టిక్ కొంచెం వదులవుతుంది.