కొరమీనా, పూమీనా, మట్టగిడసా

ఆదివారం. తెల్లవారే దాకా ముసురు, ఎనిమిది దాటాక ఎండ. కార్తీకం కావడంతో నెల్లూరు చేపల అంగళ్ళలో జనం పలచగానే ఉన్నారు. కాలువ గట్ల మీద మాత్రం గాలాలు వరసగా పడ్డాయి. కొత్తనీరు దిగి గడ్డి అంచులు మునిగినప్పుడు కొరమీను జాతి చేపలు ఒడ్డుకు దగ్గరగా తిరుగుతాయి. ఈ వేళ సర్వేపల్లి కాలువ పక్కన ఒకే బకెట్టులో మూడు నల్ల చేపలు కనిపించాయి. పట్టిన కుర్రాడు మూడింటినీ కొరమీనే అన్నాడు. వాటిలో కొరమీను ఒకటే. ఇంకోటి పూమీను, మూడోది మట్టగిడస.

పాము తలలాంటి తల, గుండ్రటి ఒళ్ళు, తోకదాకా సాగిన వీపు రెక్క. ఈ మూడూ ఉన్న ప్రతి నల్ల చేపనూ కొరమీను కింద జమకట్టడం మన దగ్గర మామూలే. కూరకు తెచ్చుకునేవాళ్ళకు ధరలో తేడా పడుతుంది. గుంటలో పిల్లలు వదిలేవాళ్ళకు నష్టం ఇంకా పెద్దది. మట్టగిడస పిల్లల్ని కొరమీను అనుకుని వదిలితే, ఎంత మేత వేసినా అవి సాధారణంగా జానెడు దగ్గరే ఆగిపోతాయి. ఆ జాతి పెరుగుదలే అంత. బాగా ఎదిగినా అడుగు దాటడం అరుదు. కొరమీను రెండడుగుల దాకా మామూలుగానే పెరుగుతుంది, మూడడుగులవీ ఉన్నాయి. పూమీను దాన్ని కూడా మించిపోతుంది.

రంగును నమ్మొద్దు. గుర్తుపట్టడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. తూటాకు, నాచు కింద పట్టిన కొరమీను బొగ్గులా ఉంటుంది. అదే జాతి చేప ఇసుక అడుగున్న తేట నీళ్ళలో పసుపు కలిసిన గోధుమరంగులో కనిపిస్తుంది. తెల్ల ప్లాస్టిక్ బకెట్టులో కాసేపు ఉంచితే ఒంటి మీది పట్టీలు కూడా వెలిసిపోతాయి. చచ్చాక ఐసులో పెడితే మళ్ళీ ఇంకో రంగు. అందుకని ఒంటి రంగు సంగతి చివరికి వదిలి, మారని గుర్తులు ముందు చూడాలి.

ముందుగా ఇసుకదొందును పక్కకు తీయాలి. చిన్నగా ఉన్నప్పుడు అది మట్టగిడసలా భ్రమపెడుతుంది. వీపు మీద రెండు రెక్కలు విడివిడిగా ఉంటే ఇసుకదొందు. పొట్ట కింది జత రెక్కలు కూడా దానికి ఒకదానితో ఒకటి అతుక్కుని గిన్నెలా ఉంటాయి. కొరమీను జాతుల్లో వీపు రెక్క ఒక్కటే, మెడ వెనక నుంచి తోక మొదలు దాకా. అందులో గుచ్చుకునే ముల్లు ఉండదు.

తర్వాత తోక. తోక రెక్క మొదట్లో, పైభాగాన, నారింజ అంచుతో గుండ్రటి నల్ల కన్ను ఉంటే అది పూమీను, శాస్త్రనామం చన్నా మరూలియస్. వెనక సగం ఒంటి మీద ముత్యాల్లాంటి తెల్ల చుక్కలు కూడా ఉంటాయి. అయితే ఈ కన్ను వయసుతో మసకబారుతుంది. పెద్ద పూమీనులో అది కనిపించలేదని కొరమీను అనేయకూడదు. ఇంకో చిక్కు, కొన్ని జాతుల పిల్లలకు వీపు రెక్క చివర నల్లమచ్చ ఉంటుంది. మచ్చ వీపు రెక్క మీద ఉందా, తోక మీద ఉందా అని చూడాలి. వీపు రెక్క మీది మచ్చ పూమీను గుర్తు కాదు.

కన్ను లేకపోతేనో, అనుమానం ఉంటేనో పార్శ్వరేఖ మీది పొలుసులు లెక్కపెట్టాలి. నా ఉద్దేశంలో దీన్ని మించిన గుర్తు గట్టు మీద దొరకదు. పార్శ్వరేఖ అంటే మొప్ప మూత పైకొన దగ్గర మొదలై తోక దాకా పొలుసుల మీద సన్నటి రంధ్రాల వరసగా సాగే గీత. తడి గోనెసంచి మీద చేపను పక్కకు పడుకోబెట్టి, తల మీద తడిగుడ్డ కప్పితే గింజుకోవడం తగ్గుతుంది. జిగురును వేలితో నెమ్మదిగా తోక వైపు తుడిచి, చీపురు ఈనె కొసతో ఒక్కో పొలుసునూ తాకుతూ పోవాలి. 50 నుంచి 57 మధ్య వస్తే కొరమీను, అంటే చన్నా స్ట్రయేటా. 60 నుంచి 70 దాకా పోతే పూమీను. 37 నుంచి 40 లోపే ఆగిపోతే మట్టగిడస, చన్నా పంక్టేటా. కొరమీనుకూ మట్టగిడసకూ మధ్య ఇంత ఎడం ఉంది కాబట్టి ఒకటి రెండు పొలుసులు తప్పినా ఫలితం మారదు.

లెక్క తప్పేది రెండు చోట్ల. ఈ చేపల్లో పార్శ్వరేఖ తిన్నగా పోదు. పక్క రెక్క దాటాక ఒక్కసారి కిందికి దిగి, అక్కణ్ణుంచి మళ్ళీ తోక వైపు సాగుతుంది. దిగిన చోటు గమనించకుండా పై వరసలోనే పోతే రంధ్రాలు లేని పొలుసుల్ని లెక్కపెడుతున్నట్టే. రెండోది, తోక రెక్క మీదికి ఎక్కిన చిన్న పొలుసుల్ని కలపడం. తోకను పక్కకు వంచితే మడత పడే చోటే హద్దు, అక్కడితో ఆపాలి. వలలో రాసుకుని పొలుసు ఊడిపోయి ఉంటే దాని గుంట కనిపిస్తుంది, దాన్నీ ఒకటిగా వేసుకోవాలి. చేప బతికుండగా లెక్క కుదరకపోతే ఫోన్‌తో పక్క నుంచి ఫోటో తీసి, పెద్దది చేసి తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. చేప పక్కన స్కేలు పెట్టి, వీపు రెక్క విప్పి, తోక మొత్తం వచ్చేలా తీయాలి. ఎండ నేరుగా పడితే జిగురు మెరిసి పొలుసులు కనిపించవు, ఒంటి నీడ పడేలా నిలబడితే చాలు.

అంగట్లో పొలుసు తీసేసిన చేపైతే వీపు రెక్క ఈనెలు మిగులుతాయి. రెక్కను వెలుతురుకు ఎదురుగా విప్పి లెక్కేస్తే మట్టగిడసకు 29 నుంచి 32, కొరమీనుకు 37 నుంచి 46, పూమీనుకు 45 నుంచి 55. కొరమీనుకూ పూమీనుకూ ఈ లెక్క 45 దగ్గర కలుస్తుంది. ఆ అంచు మీద ఉన్న చేపను ఈనెలతో తేల్చలేం, తోక చూడాల్సిందే.

వెలుగొండ వైపు వాగుల్లో చన్నా గచువా అనే ఇంకో చిన్నజాతి కూడా తగలొచ్చు. పార్శ్వరేఖ మీద 40 నుంచి 45 పొలుసులు ఉంటాయి కాబట్టి మట్టగిడస లెక్కకు ఆనుకునే ఉంటుంది. అప్పుడు పొట్ట కింది జత రెక్కల్ని వెనక్కి మడిచి చూడాలి. గచువాలో అవి పక్క రెక్కల పొడవులో సగానికి కూడా రావు, మట్టగిడసలో సగం దాటి ఉంటాయి. వీపు, తోక రెక్కలకు నారింజ అంచు, పక్క రెక్కల మీద విల్లులా వంగిన చారలు కూడా గచువావే. ఆ చారలు ఎంత ముచ్చటగా ఉంటాయో వెలుతురులో రెక్క విప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

పరిమాణం ఒక్కదాన్నే పట్టుకుని తేల్చొద్దు. జానెడు చేప ఎదిగిన మట్టగిడస కావచ్చు, కొరమీను పిల్ల కూడా కావచ్చు. కడుపు కోసినప్పుడు జానెడు చేపలో పండిన గుడ్లు కనిపిస్తే అది చిన్నజాతే అనుకోవచ్చు. పట్టిన చోటు కూడా సాయం చేస్తుంది గానీ సాక్ష్యం కాదు. పెన్నలో, సోమశిల జలాశయంలో లోతైన మడుగులు పూమీనుకు ఇష్టం. చెరువు, వరి మళ్ళ కాలువ, తూటాకు గుంట కొరమీనువి. బురద పల్లంలో మట్టగిడస ఎక్కువ. వరద వస్తే అన్నీ కలిసిపోతాయి, ఈ వేళ బకెట్టే అందుకు రుజువు.

ఆ బకెట్టులో నీళ్ళు అంచుదాకా నింపి, పైన పలక మూసి ఉంచారు. అలా చేయకూడదు. ఈ చేపలు మొప్పలతో పాటు తల పైభాగంలోని గదితో గాలిని నేరుగా పీలుస్తాయి. పైకి వచ్చి గాలి మింగే వీలు లేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తాయి. వలసంచిలో వేసి లోతుకు ముంచి కట్టినా అంతే. చేప మునిగేంత నీళ్ళు పోసి, మిగతాది ఖాళీగా వదిలి, గాలి ఆడేలా వల కట్టాలి. వల లేకుంటే ఎగిరి గట్టున పడుతుంది.

మధ్యాహ్నానికి తూము దగ్గర గడ్డిలో ఎర్రటి చేపపిల్లల గుంపు పైకి లేస్తూ మునుగుతూ కనిపించింది. కొరమీను పిల్లలు మొదట్లో ఆ రంగులోనే ఉంటాయి. పూమీను పిల్లలకైతే నల్లటి ఒంటి మీద మూతి నుంచి తోక దాకా పసుపు పట్టీ కనబడుతుంది. ఏ గుంపైనా కింద తల్లో తండ్రో కాపలా ఉన్నట్టే. గుంపు మధ్య కప్పను ఆడిస్తే కాపలా చేప ఆకలితో పని లేకుండా దూకి పడుతుంది, పట్టడం చాలా తేలిక. కానీ అది పోయిన తర్వాత ఆ పిల్లల్ని పక్కనున్న చేపలు, కొంగలు మిగల్చవు. పొరపాటున గాలానికి పడితే కొక్కెం తీసి, ఆ గుంపు ఉన్న చోటే వెంటనే వదలాలి. పిల్లలు రంగు మారి చెదిరిపోయే దాకా, అంటే కొన్ని వారాల పాటు, ఆ తూము దగ్గర గాలం వేయకుండా ఉంటే మంచిది. గట్టున ఉన్నవాళ్ళకు ఈ సంగతి చెబితే ఇద్దరు అప్పుడే దారాలు చుట్టుకుని కాలువ దిగువకు మారారు.