తంగేడు కోసం పోయిన పొద్దు

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు పొద్దుగాల్నే అమ్మను బండి మీద ఎక్కించుకొని తంగేడు పువ్వుకు పోయిన. హన్మకొండ దాటి, మా ఊరి గుట్ట కిందికి. చిన్నప్పుడు అక్కడ రెండు పొదల కాడనే సంచి నిండేది. ఇప్పుడు గుట్ట అంచంతా చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతిన్రు. “పిచ్చి చెట్లన్నీ పీకేసినం” అన్నడు అక్కడున్నాయన.

పిచ్చి చెట్లా! తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడుతోని తోళ్లు పదును చేసేటోళ్లు. వావిలాకు కాగబెట్టిన నీళ్లతోనే మా ఇండ్లల్ల బాలింతకు తానం. కలె పండ్లు, పరికి పండ్లు తిని మా నాలుకలు నల్లబడేటివి. ఆ పొదల కిందనే కౌజు పిట్టలు గుడ్లు పెట్టేటివి. గుట్ట మీద పడ్డ వానకు మన్ను కొట్టుకుపోకుండ పట్టుకున్నయి గూడ ఆ వేర్లే. ఈ యేడు వానకు ఎర్రమట్టి చెరువు దాకా పారింది.

ఆఖరికి కాలువ గట్టు పొంట నాలుగు పొదలు దొరికినయ్. అమ్మ కొమ్మ విరవనియ్యలే. “పువ్వే తెంపు బిడ్డా, మొగ్గలుంచు” అన్నది. ఎండిన కాయలు దోసెడు తెచ్చుకున్న, తొలకరికి పెరటి గోడ పొంట వెయ్యడానికి.

సాయంత్రం వెయ్యిస్తంభాల గుడి కాడ మా బతుకమ్మ చిన్నగనే ఉండె. మొదటి వరుస మాత్రం తంగేడే.