రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు

హయసింత్‌లు వేశానని చెబితే మా మామయ్య, ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి, "గుర్రపు డెక్కా? కాలవల్లోంచి దాన్ని తీయించలేకే మేం చచ్చాం, నువ్వు డబ్బిచ్చి కొన్నావా!" అన్నారు. అది వాటర్ హయసింత్, వేరు మామయ్యా. ఇది నెదర్లాండ్స్‌లో హార్లెమ్ ఊరి చుట్టుపక్కల ఇసుక నేలల్లో పండే పువ్వు. చిన్న ఉల్లిగడ్డలాంటి దుంప, గది పట్టనంత వాసన.

అక్టోబరులో 40 దుంపలు పాతాను. గ్లవ్స్ లేకుండా పట్టుకుంటే కంద తరిగినట్టే దురద. చలికాలమంతా వాటి జోలికి పోలేదు, ఆ చలే వాటికి కావాలి. మార్చి ఆఖరుకు పూలొచ్చాయి.

ఉగాది సంబరాలకు స్టేజీ పూలు నావేనని నెల ముందు నుంచే వాట్సాప్ గ్రూపులో డప్పు కొట్టుకున్నాను. కొయ్యడం ఎలాగని దుంపలమ్మిన షాపువాణ్ని అడిగితే, "కోసి నీళ్లలో పెట్టండి, అంతే" అన్నాడు. అమ్మేశాక వాడికేం! పూర్తిగా విచ్చుకున్నవే ఏరి, ముందురోజు మధ్యాహ్నం ఎండలో కత్తెరతో కాడ సగానికి కోసి, పొడుగు వాజుల్లో పీకలదాకా నీళ్లు పోశాను.

పంచాంగ శ్రవణం మొదలవుతూనే ఒక కాడ వంగింది. మేషం, వృషభం దాటేసరికి ఇంకో నాలుగు. అడుగున కాడలు మెత్తబడి, నీళ్లు జిగురుగా తయారయ్యాయి. పంతులుగారు ఎవరి రాశికో అవమానం ఏడు అనగానే వెనక వరసలో ఒకావిడ, "ఆ పూలది కూడా ఇదే రాశేమో" అంది. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను?

పక్క మడి తాతగారు మర్నాడు చూపించారు. కాడ మీది గంటల్లాంటి చిన్న పూలలో కింది రెండు మూడు విచ్చి, మిగతావి రంగు తిరిగితే చాలట. పొద్దున్నే చల్లవేళ, చాకు మట్టిలోకి దించి, దుంప అడుగు పలచటి ముక్కగా కాడకే అంటుకుని వచ్చేలా తెంపాలి. ఆ ముక్క కత్తిరించొద్దు, కాడ చీలకుండా పట్టి ఉంచేది అదే. దుంప పోతుంది, పోనీండి. చల్లటి నీళ్లు నాలుగు వేళ్ల లోతు చాలు. కాడ వాజులో కూడా పెరుగుతుంది కాబట్టి ఇరుకు మూతి వాజు మంచిది. రాత్రి హీటర్ లేని గదిలో పెట్టాలి.

మిగిలిన 11 కాడలు అలాగే కోశాను. వారం దాటినా నిటారుగా ఉన్నాయి. విడిపోయిన గంట పూలు దారంతో మాల కట్టి, మా పాప జడలో పెట్టి, వెనక వరస ఆవిడకు ఫోటో పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబైతే లేదు.