హేవుడ్ కార్లు: మూడో కారు బల్ల మీదికొచ్చింది

హర్లీ హేవుడ్ నడిపిన కార్లను చిన్న సైజులో కడుతున్న పని మూడో కారు దాకా వచ్చింది. పేరు తెలియనివాళ్లకు రెండు ముక్కలు: 1948లో షికాగోలో పుట్టిన అమెరికన్ డ్రైవర్. డేటోనా 24 గంటల రేసు 5 సార్లు, ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసు 3 సార్లు, సీబ్రింగ్ 12 గంటల రేసు 2 సార్లు గెలిచాడు. ఆ పది గెలుపులూ పోర్షే కార్లలోనే. ఏ కారు కట్టాలో తేల్చుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది.

ఒక్క నియమం మాత్రం ముందే పెట్టుకున్నాను. కారు రేసు మొదట్లో ఉన్నట్టు కాదు, చివర్లో ఉన్నట్టు ఉండాలి. మనవాళ్లు కట్టే రేసు కార్లు చాలావరకు అద్దంలా మెరుస్తుంటాయి, చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ హేవుడ్ గెలిచిన పెద్ద రేసులు చూస్తే, సగం వాటిలో కారు కొన ఊపిరితో గీత దాటింది. బండిని ఇంటిదాకా తేగలిగినవాడి కథ కదా, మురికి లేకుండా ఎలా?

మొదటిది పూర్తయింది: 1973 డేటోనా గెలిచిన 911 కరేరా ఆర్‌ఎస్‌ఆర్, 59 నంబరు, 1:24 స్కేలు, అంటే అసలు కారులో 24వ వంతు. కారు పొడవు 17 సెంటీమీటర్ల పైచిలుకు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో బ్రూమోస్ అనే పోర్షే డీలర్‌షిప్ ఉండేది, దాని యజమాని పీటర్ గ్రెగ్. కాలేజీ కుర్రాడిగా ఉన్న హేవుడ్ తన కార్వెట్‌తో ఒక ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారునూ సమయం చూసి నడిపే) పోటీలో గ్రెగ్‌నే ఓడించాడు. గ్రెగ్ అలగకుండా అతన్ని తన జట్టులోకి తీసుకున్నాడు, నాకైతే ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే. 1969లో వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్‌లో కలిసి పరుగెత్తారు. ఆ తర్వాత హేవుడ్‌ను సైన్యంలోకి పిలిచి వియత్నాం పంపారు. తిరిగొచ్చాక 1971లో ఇద్దరూ కలిసి అమెరికా రేసింగ్ సంస్థ ఇమ్సా వాళ్ల మొట్టమొదటి జీటీ టైటిల్ కొట్టారు. 59 అనేది గ్రెగ్ నేవీలో పనిచేసినప్పటి ఫారెస్టల్ విమానవాహక నౌక నంబరని చెబుతారు.

1973లో ఆ కారు 670 ల్యాపులు తిరిగి, రెండో స్థానంలో ఉన్న ఫెరారీ కంటే 22 ల్యాపులు ముందుంది. కొత్తగా వచ్చిన కారు, మొదటి పెద్ద రేసు, గెలిచేది ఇదని ఎవరూ అనుకోలేదు.

ఇక రంగు సంగతి. తెలుపు అంత మొండి రంగు ఇంకోటి లేదు. ముందు బూడిద రంగు ప్రైమర్ కొట్టి గీతలూ గుంతలూ చూసుకోవాలి, 1000 నంబరు ఉప్పు కాగితంతో తడిపి రుద్దాలి, ఆపైన తెల్ల ప్రైమర్, ఆ తర్వాతే తెలుపు. ఒకేసారి మందంగా కొడితే తలుపుల గీతలు పూడిపోతాయి. పలచగా కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టడమే. వానాకాలంలో లాకర్ పెయింట్ కొడితే గాలిలోని తేమకి పైన పాలపొర కమ్ముతుంది. తెలుపు మీద కనబడదు, నీలం చారల మీద మాత్రం దొరికిపోతుంది. అందుకే నీలం, ఎరుపు పనులు ఎండ కాసిన మధ్యాహ్నాల్లోనే పెట్టుకున్నాను. ఆరబెట్టడానికి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. దుమ్ము కూడా పడదు.

మురికి కోసం డ్రాయింగ్ పేస్టల్స్ బ్లేడుతో గీకి పొడి చేసుకున్నాను. నలుపు, గోధుమ, కొంచెం బూడిద. పొడి నిలవాలంటే కింద మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక పూత) ఉండాలి, నున్నటి పూత మీద జారిపోతుంది. ముందు అద్దం మీద వైపర్ తిరిగేంత మేర మాస్కింగ్ టేపు కత్తిరించి అంటించి, చుట్టూ పలచగా మట్టి రంగు కొట్టి టేపు పీకేశాను. ఆ శుభ్రమైన వంపు కనబడగానే కారు నిజంగా రాత్రంతా నడిచినట్టే అనిపించింది. వెనక చక్రాల మీది బాడీకి నల్లపొడి కాస్త ధారాళంగా పట్టించాను, టైర్ల రబ్బరు చిమ్మేది అక్కడే కాబట్టి.

రెండోది 1977 ల మాన్ గెలిచిన 936. ఇది రెజిన్ కిట్. అచ్చులోంచి తీసేటప్పుడు పూసిన జిడ్డు పోవాలంటే ముందు గిన్నెల సబ్బుతో కడగాలి, లేకపోతే ప్రైమర్ పొరలుగా లేచిపోతుంది. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు వేసుకుని నీళ్లలోనే రుద్దండి. స్పాన్సర్ మార్టినీ చారల డెకాళ్లు (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు) బాడీ వంపుల దగ్గర సతాయిస్తున్నాయి. డెకాళ్లను మెత్తబరిచే సాఫ్టెనర్ రాసి, హెయిర్ డ్రయర్‌ను దూరంగా పట్టుకుని, తడి దూదితో అద్దుతూ కూర్చోబెడుతున్నాను. ఎడమ పక్క అయింది, కుడి పక్క ఉంది.

ఆ రేసు గురించి ఎంత చెప్పినా తక్కువే. పోర్షే జట్టులోనే ఇంకో డ్రైవర్ జాకీ ఇక్స్ కారు మొదట్లోనే పాడైంది. దాంతో అతన్ని హేవుడ్, యూర్గెన్ బార్త్‌ల కారులోకి మార్చారు. అప్పటికి ఆ కారు ఇంధనం అందించే ఇంజెక్షన్ పంపు చెడి నలభై దాటిన స్థానంలో ఉంది. రాత్రంతా ఇక్స్ తరిమాడు. ముందున్న రెనో కార్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఆదివారానికి వీళ్లే ముందు, అదీ చాలా దూరంలో. ఇంకో గంటలోపే ముగుస్తుందనగా హేవుడ్ చేతిలో ఉండగా ఇంజిన్ పొగలు కక్కింది. పిస్టన్ పోయింది. పిట్‌లో మెకానిక్కులు ఆ సిలిండర్‌ను పనిచేయకుండా కట్టేశారు. సమయం ముగిసేటప్పుడు కారు ట్రాక్ మీద కదులుతూ ఉండాలి కాబట్టి ఆఖరి నిమిషాల్లో బార్త్ ఎక్కి, ఐదు సిలిండర్లతో మెల్లగా రెండు చుట్లు తిప్పుకొచ్చాడు. అయినా 11 ల్యాపుల తేడాతో గెలిచారు. ఆరింటిలో ఒక సిలిండర్ చచ్చిందని బయటినుంచి ఎలా చూపించాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. ప్రస్తుతానికి వెనక భాగానికి నూనె మరకలతో సరిపెడుతున్నాను. జిడ్డుగా కనబడడానికి గోధుమ రంగును క్లియర్‌లో కలిపి, సన్నటి కుంచెతో గాలి వీచే దిక్కుకు లాగితే చాలు.

ఇప్పుడు బల్ల మీదున్నది 1983 ల మాన్ 956, 3 నంబరు. నడిపినవాళ్లు వెర్న్ షుపాన్, ఆల్ హోల్‌బర్ట్, హేవుడ్. దీనికి నా నియమాన్ని కొంచెం సడలించి, ముగింపును కాకుండా ఎడమ తలుపు ఊడిపోయిన సమయాన్ని ఎంచుకున్నాను. ఆ తలుపు పోవడంతో ఆ పక్క రేడియేటర్‌కు గాలి సరిగా అందక ఇంజిన్ వేడెక్కింది. ఆఖరి ల్యాప్‌లో హోల్‌బర్ట్ ఆవిర్లు కక్కే కారుతో గీత దాటాడు. వెనక అదే ల్యాప్‌లో ఇంకో 956తో డెరెక్ బెల్ తరుముకొస్తున్నాడు.

కిట్‌లో తలుపు బాడీతో కలిపే అచ్చయింది. కత్తి మొనను తిరగేసి గీత వెంబడి నెమ్మదిగా గీస్తూ పోతే ప్లాస్టిక్ సన్నటి పోగులా లేస్తుంది. తొందరపడి ముందువైపు పదునుతో కోస్తే కత్తి పక్కకు జారుతుంది. మూలల్లో ముందే పిన్ డ్రిల్‌తో చిన్న రంధ్రాలు వేసుకుంటే పగుళ్లు రావు. తలుపు లేకపోతే లోపలంతా కనబడుతుంది కాబట్టి సీటు బెల్టులు, వైర్లు అన్నీ కొత్తగా చేయాలి. బెల్టులకు మాస్కింగ్ టేపు పీలికలు, వైర్లకు పాడైన ఇయర్‌ఫోన్ లోపలి తీగ. ఆ కారు స్పాన్సర్ రాత్‌మన్స్ సిగరెట్లు. సిగరెట్ పేర్లు కిట్‌లో రావు, ఆ డెకాళ్లు విడిగా కొనాలి. ఆ ముదురు నీలానికి పెయింట్ కలపడం ఇంకా కుదరలేదు. డెకాల్ ముక్కను తెల్ల ప్లాస్టిక్ మీద అంటించి, దాని పక్కనే నమూనాలు కొట్టి చూస్తున్నాను. బల్బు వెలుతురులో కలిసినట్టుండేది పగలు చూస్తే తేడా కొడుతోంది, కాబట్టి కిటికీ దగ్గరే చూడండి.

తర్వాతి కారు దాదాపు ఖాయం: 1979 డేటోనా గెలిచిన ఇంటర్‌స్కోప్ జట్టు నల్ల 935, సున్నా నంబరు. డానీ ఓంగైస్, టెడ్ ఫీల్డ్‌లతో కలిసి నడిపినది. అదీ చివర్లో మొరాయించి, గీత దగ్గర ఆగి జెండా కోసం కాచుకున్న కారే. హేవుడ్‌కు 1988 ట్రాన్స్-యామ్ (అమెరికా రేసు సిరీస్) టైటిల్ తెచ్చిన ఆడీ 200 క్వాట్రో మీద కూడా మనసుంది, కాని కిట్ దొరకాలి. నలుపు మీద ప్రతి దుమ్ము రేణువూ కనబడుతుంది కాబట్టి వానలు తగ్గేదాకా 935 పెట్టె తెరవను.