లాక్ ఓపెరాన్ దగ్గర నా చదువు మలుపు తిరిగింది – ఇంటర్ బోటనీ ప్రిపరేషన్

ఫ్రెండ్స్, ఇంటర్ రిజల్ట్స్ వచ్చేశాయి, సెకండియర్ బోటనీలో 60కి 59. ముందు హమ్మయ్య అనిపించింది, సంతోషం ఆ తర్వాతే. అమ్మ ఇంకా చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూనే ఉంది. ఎలా చదివావక్కా అని జూనియర్స్ అడుగుతున్నారు, ముఖ్యంగా మాలిక్యులర్ బేసిస్ ఆఫ్ ఇన్హెరిటెన్స్, అదే డీఎన్ఏ, జీన్ల పాఠం, అందుకే రాస్తున్నా.

బెజవాడలో బైపీసీ అంటే చెప్పక్కర్లేదు కదా, తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి మళ్ళీ స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, నోటీస్ బోర్డు మీద ర్యాంకులు. డీఎన్ఏ ప్రయోగాల్లో గ్రిఫిత్ 1928, ఆస్వాల్డ్ ఏవరీ టీమ్ 1944, హెర్షీ చేజ్ 1952, మెసెల్సన్ స్టాల్ 1958, ఇవన్నీ మీకు నోటికొచ్చు, నాకూ వచ్చు. కానీ ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చాలు పెన్ను ఆగిపోయేది.

దసరా సెలవులకి ఇంటికొచ్చా. మాది వన్ టౌన్, అమ్మవారి దర్శనానికొచ్చే జనంతో ఆ పది రోజులూ గుమ్మం దాటడమే కష్టం, సరే అని తొమ్మిదో క్లాసు చదివే మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి పాత క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్ పెన్నుతో లాక్ ఓపెరాన్, అంటే ఈ.కోలై బ్యాక్టీరియాలో లాక్టోజ్ అనే పాల చక్కెరని వాడుకునే జీన్ల గుంపు, గీసి చెప్పడం మొదలుపెట్టా. ఐ జీన్ నుంచి రిప్రెసర్ అనే అడ్డుపడే ప్రోటీన్ వచ్చిద్ది, అది ఆపరేటర్ అనే స్విచ్ మీద కూర్చుంటే జీన్‌ని ఆర్ఎన్ఏగా కాపీ చేసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ముందుకి పోలేదు, లాక్టోజ్ వచ్చి రిప్రెసర్ని పట్టుకుంటే దారి ఖాళీ, అప్పుడు జెడ్ జీన్ నుంచి లాక్టోజ్‌ని విడగొట్టే బీటా గెలాక్టోసిడేజ్, వై నుంచి పర్మియేజ్, ఎ నుంచి ట్రాన్స్ ఎసిటైలేజ్. పర్మియేజ్ ఎందుకురా అంటే లాక్టోజ్‌ని కణంలోకి రానివ్వడానికి అని కూడా చెప్పా.

వాడు ఆ డబ్బాలవంక కాసేపు చూసి, "అక్కా, లాక్టోజ్ లోపలికి రావాలంటే పర్మియేజ్ ఉండాలన్నావ్, పర్మియేజ్ తయారవ్వాలంటే లాక్టోజ్ లోపల ఉండాలన్నావ్, మరి మొట్టమొదటి లాక్టోజ్ ఎట్టా వచ్చింది?" అన్నాడు.

వెంటనే ఎన్సీఈఆర్టీ తీశా. ఉంది, ఒకే ఒక్క వాక్యం. ఓపెరాన్ చాలా తక్కువ స్థాయిలో ఎప్పుడూ పనిచేస్తూనే ఉండాలి, లేకపోతే లాక్టోజ్ కణంలోకి రానే రాలేదు అని. మనమందరం హైలైటర్ గీసేసి ముందుకెళ్ళిపోయే లైన్ అది. లాక్ ఓపెరాన్‌ని కనిపెట్టిన జాకబ్, మోనాడ్ ఇదంతా తేల్చడానికి ఎంత తల బద్దలు కొట్టుకున్నారో ఆ రోజు మొదటిసారి ఆలోచించా, చెప్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ పూట నుంచి నా చదువు మారిపోయింది. ప్రతి ముక్కకీ ఒకటే ప్రశ్న, ఇది లేకపోతే ఏమవుద్ది? ఐ జీన్ చెడిపోతే రిప్రెసర్ లేదు, లాక్టోజ్ లేకపోయినా ఎంజైములు వస్తూనే ఉంటాయి. ప్రమోటర్ చెడిపోతే పాలిమరేజ్‌కి పట్టే చోటే లేదు, లాక్టోజ్ ఎంత పోసినా లాభం లేదు. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ముక్కల్ని అతికించే లైగేజ్ లేకపోతే, ముక్కలుముక్కలుగా తయారయ్యే లాగింగ్ స్ట్రాండ్ మీద ఒకజాకి ముక్కలు ముక్కల్లాగే ఉండిపోతాయి. డీఎన్ఏ కాపీ అయినప్పుడు పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి కలిసి ఉంటాయని చూపిన మెసెల్సన్ స్టాల్ కూడా అంతే, ఈ.కోలై 20 నిమిషాలకోసారి విభజన చెందుద్ది, 80 నిమిషాలకి నాలుగు తరాలు, ఒక్క డీఎన్ఏతో మొదలుపెడితే 16 డీఎన్ఏ అణువుల్లో పాత పోగు ఉన్న హైబ్రిడ్ రెండే, అంటే 12.5 శాతం. ఫార్ములా అక్కర్లేదు, పాత పోగులు రెండే కదా, అవి ఎక్కడికీ పోవు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. కేంద్రకం ఉన్న కణాల్లో ఆర్ఎన్ఏ పాలిమరేజ్ మూడు రకాలు, తయారైన ఆర్ఎన్ఏకి జరిగే క్యాపింగ్, టెయిలింగ్, స్ప్లైసింగ్ అనే మార్పులు, ఇవి రోజూ తెల్లకాగితం మీద చూడకుండా రాయాలి, వేరే దారి లేదు. మనిషి డీఎన్ఏ మొత్తం చదివిన హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్ట్ (హెచ్‌జీపీ) 1990 నుంచి 2003. డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్‌లో మన హైదరాబాద్ సీసీఎంబీలో పనిచేసిన లాల్జీ సింగ్ గారి పేరు మర్చిపోవద్దు, మనవాళ్ళ పనిని మనమే గుర్తుపెట్టుకోకపోతే ఎట్టా.

ఇట్టా అర్థం చేసుకుంటూ కూర్చుంటే సిలబస్ అవ్వదు, మెటీరియల్ బట్టీ కొట్టు అని నాతో చాలామంది అన్నారు, కాలేజీలో కూడా అన్నారు. నేను వినలేదు, వినకపోవడమే కరెక్ట్ అని ఇప్పుడు గట్టిగా చెప్తున్నా. బట్టీ కొట్టింది ఎగ్జామ్ హాల్లో మొదటి లైన్ గుర్తురాకపోతే మొత్తం పోద్ది, అర్థమైంది ఎక్కణ్ణుంచైనా మళ్ళీ కట్టుకుంటూ రావచ్చు. అయితే దీనికి టైమ్ కావాలి, టైమ్ కావాలంటే ఫోన్ పక్కన పడెయ్యాలి, అమ్మ బీరువాలో పెట్టి తాళం వేయమని నేనే అడిగా. స్టడీ అవర్లో నిద్రొస్తే నిలబడి చదివా. కష్టపడకుండా ఏ టెక్నిక్కూ పనిచెయ్యదు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ.

సప్లమెంటరీ, నీట్ రాసేవాళ్ళకి ఒక లెక్క ఇస్తున్నా, ఇప్పుడే కాగితం తీయండి. ఎంఆర్ఎన్ఏకి అచ్చుగా పనిచేసే డీఎన్ఏ పోగు, అంటే టెంప్లేట్ స్ట్రాండ్, 3 ప్రైమ్ వైపు నుంచి టి-ఎ-సి, జి-జి-ఎ, సి-టి-టి, ఎ-టి-సి. దీని ఎంఆర్ఎన్ఏ 5 ప్రైమ్ నుంచి రాసి, ఎన్ని అమైనో ఆమ్లాలు వస్తాయో చెప్పండి. నాలుగు అని వస్తే చివరి కోడాన్ (మూడక్షరాల ముక్క) ఇంకోసారి చూసుకోండి.