నెట్ ఎక్కడ ఆగింది?

ఆదివారం

రాత్రంతా గాలీ వానా. పొద్దున్న లేచేసరికి కరెంటు ఉంది గానీ నెట్ లేదు. ఇంకో రోజైతే ఇంట్లో ఎవరూ అంతగా పట్టించుకునేవాళ్ళు కాదు. ఆదివారం ఉదయం ఏడున్నరకి మాత్రం డల్లాస్ నుంచి మా మరిది వీడియో కాల్ వస్తుంది. అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. పిల్లలు పడుకునే ముందు నాయనమ్మతో కబుర్లు చెప్పుకుంటారు. అత్తయ్యగారు ఏడింటికల్లా తయారై టాబ్ ముందు కూర్చుంటారు. అమలాపురం మాకు దగ్గరే అయినా, ఇల్లు కొబ్బరి తోట మధ్యలో ఉండటం వల్ల ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. ఫైబర్, అంటే వెలుగు రూపంలో నెట్ మోసుకొచ్చే సన్నటి గాజు పోగు వైరు, పోతే వీడియో కాల్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

"వైఫై ఉందిగా అమ్మాయ్, గుర్తు కనపడతంది" అన్నారావిడ, టాబ్ నా వైపు తిప్పి.

ఉంది. కానీ ఆ గుర్తు టాబ్‌కీ రౌటర్‌కీ మధ్య దారి బాగుందని మాత్రమే చెబుతుంది. రౌటర్ దాటాక ఏమైందో దానికి తెలియదు. నెట్ రాలేదని అందరం ఒకే మాట అంటాం గానీ, ఆ మాట వెనక ఎన్నో చోట్లు ఉంటాయి. ఎక్కడిదాకా బాగుందో, ఎక్కడ ఆగిపోయిందో లోపలి నుంచి బయటికి ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళడం నాకు ఇష్టమైన పని. కోపం తెచ్చుకుని అన్ని వైర్లూ పీకి పెడితే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

ముందు లైట్లు చూశాను. పవర్, వైఫై పచ్చగా ఉన్నాయి. బయటి ఫైబర్ లైనుతో కలిసిందని చెప్పే పాన్ లైటు నిలకడగా వెలగాల్సింది, మిణుకుమంటోంది. దాని పక్కన, వెలుగు సరిగ్గా అందట్లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు కాసేపు ఎర్రగా కొట్టుకుని ఆరిపోతోంది, మళ్ళీ కొట్టుకుంటోంది. అది ఆగకుండా ఎర్రగా కొట్టుకుంటుంటే బయట ఫైబర్ తెగిందనుకోవచ్చు. ఇవాళ అలా లేదు, వస్తూ పోతూ ఉంది. స్విచ్ ఆపి, కాసేపు ఆగి వేశాను. తేడా లేదు.

తర్వాత లాప్‌టాప్‌ని లాన్ వైరుతో నేరుగా రౌటర్‌కి కలిపాను. దానితో వైఫై మీద అనుమానం తీరింది. లాప్‌టాప్‌కి 192.168 తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది, అంటే రౌటర్ ఇంట్లో తన పని తాను చేస్తోంది. అదే 169.254 తో మొదలైతే రౌటర్ అడ్రసే ఇవ్వలేదని అర్థం, అప్పుడు బయటికి చూడక్కర్లేదు. ఈ 192.168 అంకెలు మా ఇంటికే సొంతమేమీ కాదు. ఇళ్ళలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికని 1996లో వెలువడిన ప్రమాణంలో పక్కన పెట్టిన అడ్రస్‌లలోవే. అందుకే పక్కింటి రౌటర్‌దీ మాదీ ఒకటే అడ్రస్ అయినా ఏ గొడవా రాదు.

గూగుల్ వాళ్ళ సర్వర్ 8.8.8.8 కి పింగ్ కొట్టాను, అంటే ఉన్నావా అని చిన్న సందేశం పంపాను. జవాబు లేదు. అది పలికి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, సైట్ల పేర్లని అంకెల అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా అనుకోవాలి. ఇక్కడ అదీ కాదు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీలోకి వెళ్తే బయటి అడ్రస్ దగ్గర అన్నీ సున్నాలే. బిల్లు కట్టకపోయినా, పాస్‌వర్డ్ తప్పయినా ఇలాగే ఉంటుంది కాబట్టి ఇంకో పేజీ తెరిచాను. ఆప్టికల్ అని ఉంటుంది, చాలామంది అటు వెళ్ళరు. అందుతున్న కాంతి ఎంతో అందులో రాసి ఉంటుంది: -30.4 డీబీఎం. కాంతి బలాన్ని ఆ కొలతలోనే చెబుతారు.

విషయమంతా అక్కడే ఉంది. బాగున్న రోజుల్లో మా ఇంట్లో ఆ అంకె -20 దగ్గర ఉండేది. ఈ లెక్కలో పది తగ్గిందంటే కాంతి పదో వంతుకి పడిపోయినట్టు. -30 అంటే ఒక మిల్లీవాటులో వెయ్యో వంతు. ఇలాంటి పెట్టెలు మామూలుగా -27 దాకా ఓర్చుకుంటాయి, అది దాటితే పట్టు తప్పుతుంది. ఫైబర్ తెగలేదు, ఎక్కడో నలిగింది. గోడ దగ్గర నుంచి రౌటర్‌కి వచ్చే పచ్చ మూతి వైరు ఎక్కడైనా మెలిక పడిందేమో చూశాను. బాగానే ఉంది. అంటే బయటే.

ఈలోగా పక్కింటి బాబాయిగారు వచ్చారు. వాళ్ళకీ నెట్ లేదేమోనని అడిగితే, వాళ్ళింట్లో వస్తోందట. ఆ మాట నాకు ఎంతో పనికొచ్చింది. రెండిళ్ళకీ లైను స్తంభం మీద పెట్టె నుంచే కాబట్టి, అక్కడిదాకా బాగుంది, అక్కడి నుంచి మా ఇంటికొచ్చే వైరులోనే ఉంది తేడా. ఆయన మాత్రం "వెనకాల చిన్న కన్నం ఉంటదమ్మా, పిన్నీసు పెట్టి నొక్కు, అదే వచ్చేస్తది" అన్నారు. వద్దండీ అన్నాను. ఎవరు చెప్పినా ఆ కన్నం జోలికి వెళ్ళకండి. అది నొక్కితే రౌటర్‌లోని యూజర్ నేమ్, పాస్‌వర్డ్, సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. ఫైబర్ బాగైనా నెట్ రాదు, అప్పుడు ఒక తప్పుకి రెండు తప్పులవుతాయి.

నెట్ అబ్బాయికి ఫోన్ చేసి, నెట్ రావట్లేదని ఊరుకోకుండా "కాంతి -30 చూపిస్తోంది, పక్కింట్లో వస్తోంది" అని చెప్పాను. "ఆయ్, అయితే ఫైబర్ అతికించే మిషను పట్టుకొచ్చేస్తానండి" అన్నాడు. వట్టి చేతులతో వచ్చి, మళ్ళీ వెళ్ళి మిషను తెచ్చుకునే తిరుగుడు తప్పింది.

వచ్చీ రాగానే స్తంభం ఎక్కి పెట్టెలో మీటరు పెట్టాడు: -19. మా గోడ దగ్గర: -30. ఇద్దరం వైరు వెంట తోటలోకి నడిచాం. మూడో కొబ్బరి చెట్టు దగ్గర కనపడింది. రాత్రి గాలికి ఎండు మట్ట ఒకటి ఊడి, నల్ల వైరు మీద పడి, దాన్ని కొక్కేనికి అదిమి పట్టేసింది. వైరు మీద తోలు కూడా చిట్లలేదు. కానీ గాజుకి గట్టి వంపు చాలు, లోపలి వెలుగు ఆ మలుపులో బయటికి జారిపోతుంది. మట్ట తీసి చూసినా అంకె పూర్తిగా తిరిగి రాలేదు. "లోపల పగిలుంటదండి, కోసేద్దాం" అన్నాడు.

సన్నగా తుంపర పడుతోంది, నేను గొడుగు పట్టుకున్నాను. ఆ అబ్బాయి పని చేస్తుంటే కళ్ళు తిప్పుకోలేకపోయాను. ముందుగా చిన్న గొట్టం ఒకటి వైరులోకి తొడిగాడు. పై పొరలు ఒలిచాడు. మిగిలిన గాజు పోగు లావు 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో వెలుగు ప్రయాణించే నడిమి భాగం 9 మైక్రాన్లు. స్పిరిట్ అద్దిన కాగితంతో తుడిచినప్పుడు పోగు కిచకిచమంది. అలా చప్పుడొస్తే శుభ్రమైనట్టట. కొనలు నిలువుగా కోసి, మిషనులో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద రెండు కొనలూ లావుగా కనపడి, వాటంతట అవే జరిగి ఒక వరసలోకి వచ్చాయి. చిటుక్కుమని మెరుపు, అంతే, రెండూ ఒకే గాజయిపోయాయి. అతుకు దగ్గర పోయే కాంతి 0.02 డెసిబెల్ అని తెర మీద పడింది. కోసిన గాజు ముక్కలన్నీ ఏరి ఖాళీ సీసాలో వేసుకున్నాడు. "చెప్పుల్లేకుండా తిరుగుతారు కదండీ, కాల్లో దిగితే కనపడదు కూడా" అన్నాడు. ఆ జాగ్రత్త ఎవరూ అడగకుండానే తీసుకున్నాడు.

1966లో ఛార్లెస్ కావ్ అనే ఇంజినీరు ఇంగ్లండులో కూర్చుని, గాజులో మలినాలు తీసేసి కిలోమీటరుకి నష్టాన్ని 20 డెసిబెల్స్ కన్నా తగ్గించగలిగితే దూరాలకి కబుర్లు పంపొచ్చని వాదించారు. 2009లో నోబెల్ వచ్చింది ఆ పనికే. ఇవాళ్టి గాజులో కిలోమీటరుకి పోయేది అర డెసిబెల్ కూడా ఉండదు. ఆయన ఊహించినదాన్ని ఇక్కడ మా తోటలో తడి నేల మీద గొంతుక్కూర్చుని ఒక ఇరవై రెండేళ్ళ కుర్రాడు అతికిస్తున్నాడు. నాకు ఇద్దరి మీదా గౌరవమే.

ఇంట్లోకొచ్చి పేజీ తెరిస్తే -20.1. పాన్ లైటు నిలబడింది, ఎల్ఓఎస్ ఆరిపోయింది, బయటి అడ్రస్ వచ్చేసింది. ఆ అబ్బాయి టీ తాగి వెళ్ళాడు, అప్పటికి పదకొండు దాటింది. డల్లాస్‌లో అర్ధరాత్రి. కాల్ సాయంత్రానికి మార్చుకున్నాం, ఏడింటికి. పిల్లలు పొద్దున్నే నిద్రలేచి, జుట్టు చెదిరి, నాయనమ్మకి పళ్ళు ఊడిన చోటు చూపించారు. అత్తయ్యగారు గంటకి పైగా మాట్లాడారు.

-20.1, ఇవాళ్టి తేదీ కలిపి రౌటర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టాను. ఈసారి తగ్గితే ఎంత తగ్గిందో ముందే తెలుస్తుంది. వైరుని చెట్ల మీంచి కాకుండా గట్టు వెంట రాటలు పాతి లాగమని నెట్ అబ్బాయిని అడిగితే, వానలు తగ్గాక చేస్తానన్నాడు. అందాకా కొబ్బరి దింపు తీసేవాళ్ళకి కబురు పెట్టి ఆ వరసలో ఎండు మట్టలన్నీ కొట్టించాలి. రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను.