కొట్లాటలో గాయపడ్డ మనిషిని ఆసుపత్రికి తెచ్చాక: నా అనుభవం

కత్తిపోట్లు, కర్రల దాడులు, రెండు వర్గాల కొట్లాటలు. ఇలాంటి వాటిలో దెబ్బలు తిని ప్రభుత్వాసుపత్రికి వచ్చే కుటుంబాలకు తోడుగా ఉండి, వాళ్ల కాగితాలు చూసిపెట్టడం నా పని. వచ్చినవాళ్లు ముందు పరిహారం గురించి అడుగుతారు. నేను మాత్రం క్యాజువాలిటీలో డాక్టరు ఏం రాస్తున్నారో చూస్తాను. రేపు కోర్టులో నిలబడేదీ, డబ్బు ఇప్పించేదీ ఆ రాతే.

'ఏమైంది?' అని డాక్టరు అడగ్గానే వెంట వచ్చినవాళ్లు 'మెట్ల మీంచి పడ్డాడు సార్' అనేస్తారు. పోలీసు కేసంటే వైద్యం చెయ్యరేమోనని భయం. పోలీసు లాంఛనాల కోసం చూడకుండా ముందు ప్రాణం కాపాడాల్సిందేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది ప్రైవేటు డాక్టర్లకూ వర్తిస్తుంది. 'పడ్డాడు' అన్న మాట ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసు) రిజిస్టరులోకి ఎక్కితే అవతలి లాయరుకు ఇంకేం కావాలి? ఎవరు కొట్టారు, దేంతో, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నవి ఉన్నదున్నట్టు చెప్పాలి. కొట్టినవాళ్ల పేర్లు తెలియకపోతే తెలియవనే చెప్పాలి. కోపం కొద్దీ నాలుగు పేర్లు అదనంగా ఇరికిస్తే అసలు ముద్దాయికే లాభం. ఎంఎల్‌సీ నంబరు, తేదీ రాసిపెట్టుకోండి, తర్వాత ప్రతి బల్ల దగ్గరా అదే అడుగుతారు.

రక్తమైన బట్టలను ఆడవాళ్లు ఇంటికి తీసుకెళ్లి ఉతికేస్తారు. చూడలేక చేసే పనే, కానీ చొక్కాకు పడ్డ చీలిక, గాయం ఉన్న చోటు కలుస్తున్నాయా అన్నది పెద్ద సాక్ష్యం. బట్టలు కత్తిరించాల్సి వస్తే ఆ చీలికను తప్పించి కత్తిరించమని నర్సుకు చెప్పండి. నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టించాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు కుళ్లిపోతాయి. వాటిని పోలీసులకే అప్పగించాలి.

అసలు చిక్కంతా వూండ్ సర్టిఫికెట్ (డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం) దగ్గర. గాయం సాధారణమా, తీవ్రమా అన్నదాన్ని బట్టే సెక్షన్ మారుతుంది. మామూలు దెబ్బకు భారతీయ న్యాయ సంహిత 115(2), గరిష్ఠంగా ఏడాది శిక్ష. తీవ్ర గాయమైతే 117(2), ఏడేళ్ల దాకా. ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను ఊడినా 116వ సెక్షన్ ప్రకారం తీవ్ర గాయమే. పదిహేను రోజులపాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అంతే. పాత ఐపీసీలో అది ఇరవై రోజులు. ఇప్పటికీ కొందరు ఇరవై అనే చెబుతుంటారు, నమ్మకండి.

ముక్కు ఎముక చిట్లిందో లేదో పైకి తెలియదు. ఎక్స్‌రే రిపోర్టు వచ్చేదాకా డాక్టరు తుది అభిప్రాయం ఆపి ఉంచుతారు. ఈలోగా చెప్పాపెట్టకుండా ప్రైవేటుకు వెళ్లిపోతే మొదటి ఆసుపత్రి కాగితంలో వాపు, రెండో ఆసుపత్రి కాగితంలో ఫ్రాక్చర్ ఉంటాయి. రెంటికీ మధ్య ఏం జరిగిందన్న ప్రశ్నకు జవాబు ఉండదు. వెళ్లాల్సి వస్తే రెఫరల్ రాయించుకుని వెళ్లండి. సర్టిఫికెట్ మామూలుగా పోలీసుల చేతికే వెళ్తుంది, కాబట్టి రిపోర్టు అందిందా అని దర్యాప్తు అధికారినే అడుగుతుండాలి.

కేసు, కౌంటర్ కేసు పడ్డచోట రెండు వర్గాలూ ఒకే వార్డులో ఎదురెదురు మంచాల మీద ఉంటాయి. రాత్రి చూడ్డానికి వచ్చినవాళ్లతో మళ్లీ మొదలవుతుంది. చేరిన రోజే ఆసుపత్రి రెసిడెంట్ మెడికల్ ఆఫీసరైన ఆర్‌ఎంఓకు రాతపూర్వకంగా ఇచ్చి వార్డు మార్పించుకోవడం మేలు.

మంచం దగ్గరికి పోలీసులు వచ్చినప్పుడు ఫిర్యాదు మీద సంతకం చేయాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆ తర్వాత దర్యాప్తులో తీసుకునే వాంగ్మూలం మీద మాత్రం సంతకం అక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 181 చెప్పేది అదే. తెల్లకాగితం మీద సంతకం అడిగితే అస్సలు పెట్టొద్దు.

ఇక డబ్బు. బీఎన్ఎస్ఎస్ 396 కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. దాడి చేసినవాళ్లు దొరక్క, విచారణే జరగకపోయినా బాధితుడికి ఈ హక్కు ఉంది. రెండు నెలల్లో విచారించి పరిహారం తేల్చాలి. చాలామందికి తెలియనిది మరొకటి ఉంది: స్టేషన్ ఇన్‌ఛార్జి హోదాకు తగ్గని అధికారి గానీ, ఆ ప్రాంత మేజిస్ట్రేటు గానీ సర్టిఫికెట్ ఇస్తే, ఉచిత వైద్యంతో సహా తక్షణ ఉపశమనం ఇప్పించమని ఆ సంస్థ ముందే ఆదేశించవచ్చు. అడిగితేనే అది కదులుతుంది. లాయరుకు ఖర్చు పెట్టకండి, ఉచిత న్యాయసహాయం కోసం 15100కు ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల మీద దాడి అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టే అట్రాసిటీ కేసుకు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. ఆ చట్టం కింద వచ్చే సాయానికి కుల ధ్రువీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకోండి.

పెద్దమనుషులు రాజీ మాటతో ఆసుపత్రి క్యాంటీన్ దాకా వస్తారు. 115(2) కింది మామూలు గాయానికి బాధితుడి ఒప్పుకోలు చాలు. 117(2)కు కోర్టు అనుమతి కావాలి. హత్యాయత్నం రాజీకి లొంగదు. ఎవరెంత హామీ ఇచ్చినా సరే.

డిశ్చార్జి నాడు పిల్లల గురించి అడిగే కుటుంబాలు తక్కువ. దాడిని కళ్లారా చూసిన పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నా, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలుపెట్టినా, బడికి పోనంటున్నా తిట్టకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నెల దాటినా తగ్గకపోతే కుట్లు చూపించుకోవడానికి వచ్చే రోజునే పిల్లాణ్ని కూడా తెచ్చి సైకియాట్రీ ఓపీలో చూపించండి.